చరిత్ర తరగతిలో కొత్త బోధన - పిల్లల సాధన - మన పాత్ర

(కాశిబుగ్గలో జరిగిన మన సంఘ సమావేశంలో విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులొకరు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, కరువు భత్యం, వైద్య ఖర్చుల వాపసు గురించి మాట్లాడుకునే మన సభలో చరిత్ర బోధన గురించిన ప్రసంగమెందుకని కొందరు మిత్రులు నన్ను అడిగారు. సబబైన ప్రశ్నే. అయితే ఈ హాలులో కూర్చున్న మనలో చాలామంది ఇళ్లలో ఒక మనుమడో మనుమరాలో సాంఘికశాస్త్రం పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నారు. వాళ్లు చార్టులు అంటిస్తున్నారు, ప్రాజెక్టులంటూ తిరుగుతున్నారు, "మీ అభిప్రాయం రాయండి" అనే ప్రశ్నలకు జవాబులు వెతుకుతున్నారు. అది చూసి మనలో ఒకరు, "మా కాలంలో రాజుల వరుస, యుద్ధాల సంవత్సరాలు గడగడా చెప్పేవాళ్లం, వీళ్లకేమీ రావడం లేదు" అంటారు. మరొకరు, "ఆ బట్టీ చదువు పోవడమే మేలు" అంటారు. ఈ రెండు మాటల్లోనూ సగం నిజం ఉన్నది. మిగిలిన సగం ఏమిటో మీ ముందుంచడమే నా ప్రయత్నం.

సాధన అంటే మార్కులేనా?

ముందుగా సాధన అనే మాటను తేల్చుకుందాం. చరిత్రలో ఒక విద్యార్థి ఏదైనా సాధించాడని ఎప్పుడంటాం? మన ఓరుగల్లు రాణి రుద్రమదేవినే ఉదాహరణగా తీసుకుందాం.

రుద్రమదేవి 1262 నుంచి 1289 వరకు పాలించిందని చెప్పగలగడం మొదటి మెట్టు. గణపతిదేవుడు కూతురిని వారసురాలిని చేయడం ఆ రోజుల్లో ఎంత పెద్ద నిర్ణయమో, దాన్ని ఎదిరించినవారెవరో వివరించగలగడం రెండవ మెట్టు. "ఈ సంగతులు మనకెట్లా తెలిసినయి?" అని అడిగి దానికి జవాబు వెదకగలగడం మూడవ మెట్టు.

ఈ మూడవ మెట్టు దగ్గరే చరిత్ర పాఠం మిగతా పాఠాల నుంచి వేరుపడుతుంది. పాత పుస్తకాల్లో రుద్రమదేవి పాలన 1295-96 వరకు సాగిందని ఉండేది. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఒక శాసనం వెలుగులోకి వచ్చింది. రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికి శివలోక ప్రాప్తి కలగాలని పువ్వుల ముమ్మడి అనే ఉద్యోగి దేవునికి భూమి దానం చేసినట్లు అందులో ఉన్నది. దాని తేదీ 1289 నవంబరు. అంటే అప్పటికే రాణి గతించింది. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి శాసన పరిశోధకుల కృషితో పుస్తకాల్లో సంవత్సరం మారింది. ఊరి చివరి ఒక్క రాయి పాఠ్యపుస్తకాన్ని దిద్దింది!

ఇంకొక సంగతి గమనించండి. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో ఆమె మరణించిందని మనం చెప్పుకుంటున్నాం. అది ఆనాటి ఇతర ఆధారాలతో కలిపి చరిత్రకారులు చేసిన ఊహ. శాసనం చెప్పినదేదో, మనం ఊహించినదేదో విడదీసి చూడగల పిల్లవాడు చరిత్రలో నిజంగా సాధించినవాడు. వాడు రేపు పత్రికలో వార్త చదివినా, చేతిఫోనులో ఎవరో పంపిన సందేశం చూసినా అదే పని చేస్తాడు.

పాత పద్ధతి ఇచ్చినదేమిటి?

మనలో బోధనా శిక్షణ పొందినవారికి హెర్బార్ట్ సోపానాలు గుర్తుండే ఉంటాయి. సన్నాహం, విషయ ప్రదర్శన, పోలిక, సాధారణీకరణం, అన్వయం అని పాఠ్య పథకం రాయనిదే తనిఖీ అధికారి ఊరుకునేవారు కాదు. ఆచరణలో మాత్రం పాఠం చదివించడం, ఉపాధ్యాయుడు వివరించడం, నల్లబల్ల మీద ముఖ్యాంశాలు రాయడం, చివరన ప్రశ్నలకు జవాబులు చెప్పి రాయించడం, ఇంతే జరిగేది.

ఆ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. ముందేమి జరిగింది, తరువాత ఏమి జరిగింది అనే కాలక్రమాన్ని అది పిల్లల మనసులో గట్టిగా నాటింది. కథ చెప్పడం తెలిసిన సారు ఉంటే తరగతి గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. దాని లోటు ఒక్కటే. అది మొదటి మెట్టును బలంగా కట్టింది, రెండవ మెట్టు వరకు కొందరిని తీసుకుపోయింది, మూడవ మెట్టును దాదాపు ముట్టుకోలేదు.

కొత్త నమూనాలు ఏమిటి?

బోధనా నమూనాలు అనే మాట శిక్షణ కళాశాలల్లో బాగా వ్యాపించడానికి కారణం బ్రూస్ జాయిస్, మార్షా వీల్ అనే అమెరికా విద్యావేత్తలు 1972లో ప్రచురించిన గ్రంథం. భావనను ఉదాహరణల నుంచి రాబట్టే నమూనా, పాఠానికి ముందే స్థూలరూపం ఇచ్చే ఆసుబెల్ నమూనా, ప్రశ్నతో మొదలుపెట్టే అన్వేషణ నమూనా వంటివి అందులో ఉన్నాయి. అంతకు ముందే, 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ పట్టణంలో ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జిగ్సా అనే పద్ధతిని ప్రవేశపెట్టాడు. బొమ్మ ముక్కల్ని పేర్చినట్లు పాఠం ముక్కల్ని పిల్లలే పేర్చుకోవడం అందులోని కిటుకు.

ఇది మన తరగతిలో ఎట్లా ఉంటుందో చెబుతాను. తరగతిని నలుగురేసి జట్లుగా విడగొట్టండి. జట్టులో ఒకరికి మార్కోపోలో రాసిన సంగతి, రెండవవారికి 1261 నాటి మల్కాపురం శాసనంలోని సంగతి, మూడవవారికి చందుపట్ల శాసనం, నాలుగవవారికి మన ఖిల్లా కోటగోడల పటం ఇవ్వండి. ఒకే ఆధారం దొరికినవారంతా ముందు ఒకచోట కూడి దాన్ని చదివి అర్థం చేసుకుంటారు. తరువాత ఎవరి జట్టులోకి వారు పోయి మిగతా ముగ్గురికీ చెబుతారు.

అక్కడ అసలు రగడ మొదలవుతుంది. మార్కోపోలో ఆమెను రాజు భార్య అన్నాడు, భర్త పోయిన తరువాత రాజ్యమేలిందన్నాడు. మల్కాపురం శాసనం ఆమె గణపతిదేవుని కూతురని చెబుతున్నది. ఎవరిని నమ్మాలి? దూరదేశం నుంచి వచ్చి విన్నది రాసుకున్న యాత్రికుడినా, ఆ రాజ్యంలోనే చెక్కించిన రాతినా? "సార్, శాసనం చెక్కించినవాళ్లు రాణిగారి మనుషులే కదా, పొగిడి రాయరా?" అని ఒక పిల్ల అడుగుతుంది. అడిగిందంటే పాఠం ఫలించినట్లే. పొగడ్తలో అతిశయం ఉండవచ్చును గాని, తండ్రి పేరు తప్పు చెక్కించవలసిన అవసరం ఎవరికీ లేదని తరగతి అంతా కలిసి తేల్చుకుంటుంది. ఈ జవాబు ఆ పిల్లలు జన్మలో మరచిపోరు.

ఇదంతా పరాయి సరుకని అనుకోనక్కరలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించారు. కావ్యాల నుంచి, సామెతల నుంచి, జనం ఆటపాటల నుంచి సాక్ష్యాలు ఏరి మన పూర్వులు ఏమి తిన్నారో, ఏమి కట్టుకున్నారో నిర్ణయించారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన మొదటి బహుమతి ఆ గ్రంథానికే దక్కింది. ఆధారం ముందు, నిర్ణయం తరువాత అనే పాఠం మన ఇంటిలోనిదే.

మన బడుల్లో ఈ మార్పు ఒక్కసారిగా రాలేదు. 1980లలో బ్రిటిష్ సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు మనలోని ఉపాధ్యాయులకు గుర్తుండవచ్చు. చేసి నేర్చుకోవడం, జట్టుపని, స్థానిక పరిసరాల వినియోగం అందులోవే. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం రాష్ట్రంలో మొదట అడుగుపెట్టిన అయిదు జిల్లాల్లో మన వరంగల్ ఒకటి. జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2005లో వచ్చింది, దాని వెంట రాష్ట్ర చట్రం 2011లో వచ్చింది. 2014-15లో పదవ తరగతికి కొత్త పుస్తకం, నిరంతర సమగ్ర మూల్యాంకనం, పరీక్షకు 80 మార్కులు, అంతర్గత మూల్యాంకనానికి 20 మార్కులు అనే ఏర్పాటు వచ్చాయి. విషయావగాహనతోపాటు సమాచార నైపుణ్యాలు, పట నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, ప్రశంస వంటివి విద్యాప్రమాణాలుగా చేరాయి. కాగితం మీద చూస్తే మూడవ మెట్టు కూడా కట్టినట్లే.

పరిశోధనలు ఏమంటున్నాయి?

కొత్త పద్ధతుల వల్ల నిజంగా సాధన పెరిగిందా అంటే, చరిత్ర విషయంలో చెప్పుకోదగ్గ పరీక్షలు జరిగాయి. ఇంగ్లండులో 1972లో 13 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం ఒక చరిత్ర పథకం మొదలైంది. ఆధారాలు చదివించడం, తమ ఊరి దగ్గరి చారిత్రక స్థలాన్ని పరిశీలించడం అందులో భాగాలు. డెనిస్ షెమిల్ట్ దాని ఫలితాలను అంచనా కట్టి 1980లో ప్రకటించారు. ఆ పథకంలో చదివినవారు పాత పద్ధతిలో చదివినవారికంటే కారణం, మార్పు, ఆధారం వంటి భావనలను బాగా పట్టుకున్నారని తేలింది.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో అయిదు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పదకొండవ తరగతి చదివే 236 మంది విద్యార్థులపై అవిషాగ్ రీస్మన్ ఆరు నెలలపాటు జరిపిన పరిశోధన 2012లో ప్రచురితమైంది. మూల పత్రాలు ముందుంచి, ఉపాధ్యాయుడు దారి చూపుతూ చదివించిన తరగతులు చారిత్రక ఆలోచనలో ముందున్నాయి. అంతేకాదు, విషయ జ్ఞానంలోనూ, మామూలు పఠనావగాహనలోనూ ముందున్నాయి. "ఇట్లా ఆలోచించుకుంటూ కూర్చుంటే సంవత్సరాలు, పేర్లు రావు" అనే మన భయానికి ఇది జవాబు.

అయితే నాణేనికి రెండవ వైపు కూడా చెప్పాలి. 2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పండితులు ఒక వ్యాసం రాశారు. విషయం ఇంకా తెలియని పిల్లలను "నువ్వే కనుక్కో" అని వదిలేస్తే వారు నేర్చుకునేది తక్కువని వాదించారు. అదే సంవత్సరం రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు మరొక సంగతి చూపించారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పుస్తకం మూసి, గుర్తు తెచ్చుకుని రాసినవారు వారం రోజుల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. మన పంతుళ్లు "పుస్తకం మూసి చెప్పు" అన్నది ఊరికే కాదన్నమాట.

కనుక సారాంశం ఇది. ఆధారాలతో ప్రశ్న, పక్కన దారి చూపే గురువు, విన్నదాన్ని తిరిగి గుర్తుచేసుకునే అభ్యాసం, ఈ మూడూ కలిసినచోట చరిత్రలో సాధన పెరుగుతుంది. ఒకటి తీసేసి మిగతా రెండింటితో నెట్టుకొస్తే పాఠం కుంటుతుంది.

మన దగ్గర చిక్కు ఎక్కడ?

2021 నవంబరు 12న దేశమంతటా జరిగిన జాతీయ సాధన సర్వేలో ఎనిమిదవ తరగతి సాంఘికశాస్త్రం జాతీయ సగటు 500కు 255. అవి కరోనా వల్ల బడులు మూతబడి తెరుచుకున్న రోజులు కనుక కొంత తగ్గుదల సహజం. ఆ లెక్కలో చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం అన్నీ కలిసే ఉన్నాయి. ఏది ఏమైనా సంతోషించదగిన అంకె కాదు.

పుస్తకం మారింది, ప్రశ్న మారింది, తరగతి గది మాత్రం అంతగా మారలేదు. "మీ అభిప్రాయం రాయండి" అన్న ప్రశ్నకు బజారులోని గైడులో అభిప్రాయం అచ్చువేసి ఉంటుంది! నలభైమంది పిల్లలు ఒకే అభిప్రాయాన్ని ఒకే వాక్యంలో రాస్తారు. ప్రాజెక్టు అంటే పుస్తకాల దుకాణంలో బొమ్మల కాగితం కొని అంటించడం, లేదా ఇంటర్నెట్ కేంద్రంలో నాలుగు పేజీలు అచ్చు తీయించడం. ఇప్పుడైతే చేతిఫోనును అడిగితే క్షణంలో వ్యాసం రాసి పెడుతున్నది. అంతర్గత మార్కులు చాలాచోట్ల అందరికీ సమానంగా పంచిన ప్రసాదం. పైగా పరీక్షల కాలం వచ్చిందంటే సాంఘికశాస్త్రం పీరియడును గణితానికో విజ్ఞానశాస్త్రానికో ఇచ్చేస్తారు. తరగతిలో డిజిటల్ తెర పెట్టినా, దానిలో వీడియో వేసి సారు పక్కన నిలబడితే అది పాత ఉపన్యాసమే, గొంతు మాత్రం వేరు.

ఇది ఉపాధ్యాయుల తప్పని నేననడం లేదు. నలభై అయిదు నిమిషాల్లో, నిండుగా ఉన్న తరగతిలో, సిలబసు పూర్తి కావాలన్న ఒత్తిడిలో జట్లు కట్టి ఆధారాలు చదివించడం తేలిక కాదు. అన్నింటికంటే పెద్ద కొరత, పిల్లల చేతికివ్వడానికి ఆధారాలు దొరకకపోవడం. పుస్తకంలోని ఆధారం ఢిల్లీదో, పారిస్‌దో ఉంటుంది. మన వీధిది ఉండదు.

మనం చేయగలిగినది

మిత్రులారా, ఆ కొరత తీర్చగలవారు ఈ హాలులోనే కూర్చున్నారు. అందుకే ఈ ప్రసంగం ఈ సభలో చేస్తున్నాను.

మన కాశిబుగ్గకు సమీపంలోని ఆజంజాహి మిల్లును తీసుకోండి. నిజాం కాలంలో 1934లో మొదలైంది, 1990లో మూతబడింది. వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన మిల్లు అది. భవనాలు నేలమట్టమైనాయి, స్థలాలు ప్లాట్లయినాయి. ఈనాటి పదవ తరగతి పిల్లవాడు ఇంగ్లండులో పారిశ్రామిక విప్లవం గురించి రెండు పేజీల జవాబు రాస్తాడు. తన ముత్తాత ఏ షిఫ్టులో, ఏ ఖాతాలో పనిచేశాడో వాడికి తెలియదు. పక్కనే కొత్తవాడ మగ్గాల మీద నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మగ్గం దగ్గర కూర్చున్న చేతుల కథ ఏ పుస్తకంలోనూ చేరలేదు. ఎనుమాముల మార్కెట్టుకు పత్తి, మిర్చి తెచ్చే రైతులు ఆ రాత్రుళ్లు ఎక్కడ పడుకున్నారో, తూకం ఎట్లా జరిగిందో చెప్పగలవారు మనలో ఉన్నారు.

1946 ఆగస్టు 11న ఓరుగల్లు ఖిల్లాలో బత్తిని మొగిలయ్యగౌడ్ రజాకార్ల చేతిలో బలైన సంగతి పెద్దల నోట విన్నవారు మన మధ్య ఉన్నారు. 1948 సెప్టెంబరు 17 నాటికి పదేళ్లున్నవారికి ఈనాడు తొంభై దగ్గరపడుతున్నది. 1969 ఉద్యమంలో విద్యార్థులుగా ఉన్నవారు డెబ్బై దాటారు. శాసనం రాతి మీద ఉంటుంది కనుక ఏడు వందల ఏళ్లయినా దొరికింది. మన జ్ఞాపకాలకు రాయి లేదు. మనతోనే పోతాయి. పిల్లవాడు అడిగే లోపే పోతాయి.

కనుక మన సంఘం ముందు కొన్ని సూచనలు ఉంచుతున్నాను.

ఒకటి. ఇంట్లో మనుమలను "ఎన్ని మార్కులొచ్చినయి?" అని అడిగే ముందు "ఈ సంగతి మనకెట్లా తెలిసింది?" అని అడగండి. పుస్తకం మూయించి నాలుగు మాటల్లో చెప్పించుకోండి. ఈ రెండు పనులకు బి.ఇడి. అక్కరలేదు.

రెండు. ఇనుప పెట్టెల్లోని పాత కాగితాలను చిత్తు కొనేవారికి అమ్మకండి. మిల్లు గుర్తింపు కార్డు, జీతం చీటీ, రేషను కార్డు, సర్వీసు రిజిస్టరు నకలు, ఉర్దూలో ఉన్న భూమి కాగితం, హాలీ రూపాయి, పెళ్లిపత్రిక, ఇవన్నీ తరగతి గదిలో ఆధారాలే. అసలు మీ దగ్గరే ఉంచుకుని నకలు పిల్లలకివ్వండి.

మూడు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో మన సభ్యులు సంవత్సరానికి ఒకటి రెండుసార్లు స్థానిక బడులకు వెళ్లాలి. అక్కడ ఉపన్యాసం ఇవ్వవద్దు. కూర్చుని పిల్లలడిగినదానికి జవాబు చెప్పాలి. కళ్లారా చూసినది ఏదో, ఇతరుల వల్ల విన్నది ఏదో విడిగా చెప్పాలి. సంవత్సరం గట్టిగా గుర్తులేకపోతే "పెద్ద కరువు తరువాత", "మా చెల్లె పెళ్లి ముందు" అని చెప్పినా సరే, దాన్ని సంవత్సరంగా మార్చుకోవడం పిల్లల పని. ఇద్దరు పెద్దలు ఒకే సంఘటనను రెండు రకాలుగా చెబితే సంకోచించవద్దు. మార్కోపోలోకు, మల్కాపురం శాసనానికి కుదరలేదు కదా! ఆ తేడాయే పాఠం.

నాలుగు. పిల్లలు రాసుకున్న వివరాల నకళ్లు మన సంఘ కార్యాలయంలో ఒక బీరువాలో భద్రపరచాలి. ఏడాదికేడాది పేరుకుంటే అదే మన వాడ చరిత్రకు ముడి సరుకు. గైడులో దొరకని, చేతిఫోను చెప్పలేని సరుకు.

ఇందుకు పెద్ద ఖర్చు లేదు. కావలసింది మన తీరిక సమయం, కొంచెం ఓపిక. ఉద్యోగ కాలంలో మనం ఫైళ్లు చక్కగా అప్పగించి, చార్జి ఇచ్చి గాని కుర్చీ దిగలేదు. మనం చూసిన కాలానికి కూడా చార్జి అప్పగించవలసిన బాధ్యత మన మీద ఉన్నది. తీసుకోవడానికి పిల్లలు సిద్ధంగా ఉన్నారు, వారికి అడగడం నేర్పే పద్ధతులు కూడా వచ్చాయి. ఇక చెప్పవలసినది మనమే.